పిస్టల్ రీలోడ్ 2 సెకన్ల దగ్గరే ఆగిపోయింది. ఆరు వారాలు హనుమకొండలో ఉంటాను, చేతిలో పిస్టల్ లేదు. ఏం చేయాలి?

నయీంనగర్ పోరడు:

అందరికీ నమస్తే. మాది హనుమకొండ, నయీంనగర్. ఉద్యోగం డాలస్ పక్కన ప్లేనోలో. అక్కడి పౌరసత్వం వచ్చిన ఏడాదే షూటింగ్ మొదలుపెట్టాను. మూడేళ్లుగా శని, ఆదివారాల్లో యూఎస్‌పీఎస్‌ఏ (అమెరికాలోని ప్రాక్టికల్ షూటింగ్ సంఘం) మ్యాచ్‌లకు వెళ్తున్నాను. తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క: ఇది ఒలింపిక్స్‌లో చూసే, ఒంటి చేత్తో నిలబడి కొట్టే పోటీ కాదు. నడుస్తూ, ఉరుకుతూ, అడ్డుగోడల పక్క నుంచి అట్ట టార్గెట్లను కొట్టాలి. వచ్చిన పాయింట్లను పట్టిన సెకన్లతో భాగిస్తారు. దాన్ని హిట్ ఫ్యాక్టర్ అంటారు. గురి బాగున్నా గడియారం ఊరుకోదు.

నా పిస్టల్ సీజడ్ షాడో 2, ఆడేది ప్రొడక్షన్ అనే విభాగంలో. మ్యాగజైన్‌లో, అంటే పిడిలో దూర్చే తూటాల పెట్టెలో, 15 రౌండ్లు (తూటాలు) మించకూడదు. స్టేజ్‌లో, అంటే మ్యాచ్‌లోని ఒక్కో అంకంలో, 28, 30 షాట్లు ఉంటే ఒకసారైనా, చాలాసార్లు రెండుసార్లు మ్యాగజైన్ మార్చాల్సి వస్తుంది. నా గోస అంతా అక్కడే.

నిలబడి చేసే రీలోడ్, అంటే మార్చేముందు పేల్చిన షాట్ నుంచి మార్చాక పేల్చే షాట్ దాకా, నాకు 2.1 సెకన్లు పడుతుంది. ఏడాదిగా అదే. మంచి రోజున 1.9. చెడ్డ రోజున కొత్త మ్యాగజైన్ పిడి అంచుకు కొట్టుకుని, వంకరపోయి, మళ్లీ సర్దేసరికి 3 దాటుతుంది. నాతో పాటే మొదలుపెట్టినవాళ్లు 1.4కి దిగారు. ఎల్ ప్రెసిడెంటే అని ఒక పాత పరీక్ష ఉంది. జెఫ్ కూపర్ అనే పాత షూటింగ్ గురువు కాలం నాటిది. పది గజాల దూరంలో మూడు టార్గెట్లు, వాటికి వీపు పెట్టి నిలబడాలి. బీప్ రాగానే తిరిగి ఒక్కోదానికి రెండు షాట్లు, రీలోడ్, మళ్లీ రెండేసి. మొత్తం 12 షాట్లు, నిండా వస్తే 60 పాయింట్లు. మొన్న నాకు 8 సెకన్లలో 54 వచ్చాయి, అంటే 6.75. అందులో పావు వంతు సమయం మ్యాగజైన్ మార్చడానికే పోయింది.

ఇప్పుడు అమ్మకు రెండు కళ్లకూ శుక్లాల ఆపరేషన్. ఒకటి అయ్యాక కొన్ని రోజులకు రెండోది. అందుకని ఆరు వారాలు ఇంటి దగ్గరే ఉంటాను. పిస్టల్ తేవడం సంగతి అటుంచండి, ఖాళీ మ్యాగజైన్ కూడా తేలేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం ఆయుధపు భాగాలు కూడా ఆయుధమే కదా. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగు కూడా అక్కడే వదిలేసి కొత్తది కొనుక్కుని వచ్చాను. పాతదాని అడుగున ఒక్క తూటా దొర్లి ఉన్నా ఎయిర్‌పోర్ట్‌లో నా కథ ఇంకోలా ఉండేది.

కాబట్టి రెండు ప్రశ్నలు. నా సమయం ఎక్కడ పోతున్నట్టు? ఉత్త చేతులతో ఇక్కడ ఏమైనా సాధన చేయొచ్చా, లేక ఆరు వారాలు సకినాలు తిని వెళ్లడమేనా?

ఇరవై రెండు బోర్:

అన్నా, మాది కరీంనగర్. నేను ఆడేది 25 మీటర్ల పిస్టల్, మహిళల విభాగం, 22 బోర్. మా దగ్గర రీలోడ్‌కి తొందరే లేదు. ‘లోడ్’ అని కమాండ్ ఇచ్చాక ఒక నిమిషం ఇస్తారు. ఐదు తూటాలున్న మ్యాగజైన్ ఎక్కించుకుని కూర్చోవడమే, కాదు, నిలబడటమే. తర్వాత ప్రెసిషన్‌లో ఐదు షాట్లకు ఐదు నిమిషాలు. రాపిడ్‌లో 3 సెకన్లు పచ్చ లైటు, 7 సెకన్లు ఎర్ర లైటు, ఒక్కో పచ్చకు ఒక్కో షాట్. 2012 లండన్‌లో విజయ్ కుమార్ రజతం తెచ్చిన ఈవెంట్ ఇంకా వేగం, చివరికి 4 సెకన్లలో ఐదు టార్గెట్లకు ఐదు షాట్లు. అందులో కూడా మ్యాగజైన్ మార్చేది సిరీస్‌కీ సిరీస్‌కీ మధ్యే.

అయినా ఒకటి చెప్తాను, పనికొస్తే తీసుకోండి. గడియారం లేని చోట కూడా మ్యాగజైన్ నన్ను ముంచింది. ఒక పోటీలో ఎక్కించాను, క్లిక్ విన్నాననుకున్నాను. వినలేదు. పక్క లేన్‌లో ఎవరిదో. అది సరిగా కూర్చోలేదు, స్లయిడ్ (వెనక్కి లాగి వదిలితే తూటాను గొట్టంలోకి తోసే భాగం) వదిలితే తూటా పైకి ఎక్కలేదు. పచ్చ లైటు వచ్చింది, ట్రిగ్గర్ నొక్కాను, టిక్. సర్దుకునేలోపు రెండు లైట్లు పోయాయి. పిస్టల్ లోపమైతే మళ్లీ కొట్టుకోనిస్తారు. కానీ షూటర్ ముందే సరిచేసుకోగలిగిన తప్పుకు ఆ వెసులుబాటు లేదు. రెండు సున్నాలు. ఆ రోజు నుంచి అరచేతి మడమతో గట్టిగా తోసి, ఒకసారి కిందికి లాగి చూస్తాను. చెవిని నమ్మను.

మీకు లాగి చూసే టైమ్ ఉండదేమో. కానీ తోసేటప్పుడు మాత్రం చివరిదాకా తోయండి అన్నా.

ఆర్మూర్ టు ఎడిసన్:

బ్రదర్, నేనూ యూఎస్‌పీఎస్‌ఏనే. ఉండేది న్యూజెర్సీ, ఇక్కడ చట్టమే 10 రౌండ్ల దగ్గర ఆపేస్తుంది. అందుకని మీకన్నా ఎక్కువసార్లు మార్చుతాను. మీ లెక్కే తీసుకుందాం. 54 పాయింట్లు, 8 సెకన్లు, 6.75. రీలోడ్‌లో అర సెకను మిగిలితే 7.2. బాగుంది. కానీ ఆ అర సెకను కోసం ఆత్రపడి ఒక్క షాట్ తప్పితే? ఐదు పాయింట్లు పోతాయి, పైన పది పెనాల్టీ. 39ని 7.5తో భాగిస్తే 5.2. అంటే మీరు వేగంగా మారింది వెనక్కి పోవడానికి. చాలామంది రీలోడ్ అవగానే వచ్చే మొదటి షాట్‌ను పారేసుకుంటారు. మ్యాగజైన్ ఎక్కింది కదా అని సంతోషంలో ఫ్రంట్ సైట్, అంటే గొట్టం కొసన ఉండే గురి మొన, చూడరు.

రెండోది, పెద్ద స్టేజ్‌లలో నిలబడి రీలోడ్ చేసే అవసరమే తక్కువ. ఈ గోడ నుంచి ఆ గోడకు నాలుగడుగులు ఎలాగూ వేయాలి, రెండు సెకన్లు ఎలాగూ పోతాయి. ఆ నడకలో మార్చేస్తే రీలోడ్ ఫ్రీ. 1.4 అయినా 1.9 అయినా తేడా లేదు. అక్కడ చూసుకోవాల్సింది ఒకటే: మొదటి అడుగుతో పాటే బటన్ నొక్కారా, లేక మూడో అడుగులో గుర్తొచ్చిందా. నేను స్టేజ్ చూసేటప్పుడే ‘ఇక్కడ మార్చాలి’ అని ఒక చోటు అనుకుంటాను. మ్యాగజైన్‌లో ఇంకా మూడో నాలుగో రౌండ్లున్నా సరే, అక్కడే పారేస్తాను.

మీరు కుడిచేతి వాటమైతే ఎడమ వైపు ఉరికేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒళ్లు ఎడమకు తిరుగుతుంది, పిస్టల్ కూడా దానితో పాటే తిరిగిపోతుంది. మజిల్, అంటే గొట్టం మూతి, 180 డిగ్రీల గీత (టార్గెట్ల వైపునూ వెనక వైపునూ విడదీసే ఊహా గీత) దాటిందా, మ్యాచ్ నుంచి ఇంటికే. రీలోడ్‌లో వేలు ట్రిగ్గర్ గార్డ్ లోపల కనబడినా ఇంటికే. నా మొదటి ఏడాది నూట ఇరవై మైళ్లు కారులో వెళ్లి, రెండో స్టేజ్‌లో ఇలాగే ఇంటికొచ్చాను. దారిలో ఎవరికీ ఫోన్ కూడా చేయలేదు.

కొత్తవాడ కాక:

తమ్ముడూ, ఆర్మూర్ తమ్ముడి భాగహారం నాకు కొత్త, బాగుంది. మీ పోటీలు నేను వీడియోల్లో చూడటమే. కానీ మ్యాగజైన్లతో ముప్పై రెండేళ్లు బతికాను. పోలీసు శాఖలో ఆర్మరర్‌గా, అంటే ఆయుధాలు చూసుకునేవాడిగా, చేసి రిటైరై ఆరేళ్లయింది. మా ఆయుధాల గదిని బెల్ ఆఫ్ ఆర్మ్స్ అంటారు. పొద్దున తాళం తీయడం, లెక్క చూడటం, సాయంత్రం లెక్క చూడటం, తాళం వేయడం. మధ్యలో నూనె గుడ్డ. ఫైరింగ్ ఉన్న రోజు ఖాళీ కేసులు ఏరి లెక్క తేలేదాకా ఎవరూ అన్నానికి పోయేది లేదు.

మా దగ్గర మ్యాగజైన్ నేల మీద పడేయడం పెద్ద తప్పు. సర్కారు సొమ్ము. పైన పెదవి వంగితే తూటా ఎక్కదు, అడుగు పళ్లెం సొట్టపోతే తెరుచుకోదు, ఎవరు చేశారో రిజిస్టర్లో రాయాలి. అందుకే మా జవాన్ ఖాళీదాన్ని ఎడమ చేత్తో లాగి, దాచుకుని, ఆ తర్వాతే కొత్తది తీస్తాడు. ఇంకో సంగతి, బ్రౌనింగ్ నమూనా మీద ఇషాపూర్ ఫ్యాక్టరీలో చేసిన మన పాత 9 ఎం.ఎం. పిస్టల్‌కి బటన్ నొక్కినా 13 రౌండ్ల మ్యాగజైన్ దానంతటది జారిపడదు. మ్యాగజైన్ లేనప్పుడు ట్రిగ్గర్ పనిచేయకుండా లోపల చిన్న ఏర్పాటు ఉంటుంది, అది మ్యాగజైన్ ముందు గోడను ఒరుసుకుంటూ ఉంటుంది. లాగితేనే వస్తుంది. కాబట్టి మా ఎడమ చేతికి రెండు పనులు.

నీ పోటీలో అట్లా కాదు. బటన్ నొక్కితే దాని బరువుకు అదే పడుతుంది, పడ్డదాన్ని తర్వాత ఏరుకోవచ్చు. నీ ఎడమ చేతికి ఒకటే పని. నా అనుమానం ఏమిటంటే నీ చెయ్యి ఆ పనికి వెంటనే పోవడం లేదు. పాత మ్యాగజైన్ పడిందా లేదా అని చూసి, అప్పుడు నడుము దగ్గరికి పోతోంది. నీ మ్యాచ్ వీడియోలు ఫోన్‌లో ఉంటాయి కదా, నెమ్మదిగా తిప్పి చూడు. బటన్ మీద బొటనవేలు పడ్డ క్షణానికి ఎడమ చెయ్యి ఎక్కడుంది? రెండూ ఒకేసారి కదలాలి. అది తేలితే సగం జవాబు దొరికినట్టే.

మిగతా సగం చివరి రెండు అంగుళాల్లో ఉంటుంది. మా బాపు కొత్తవాడలో మగ్గం నేసేవాడు. నాడె తెలుసా, పడుగు మధ్య అటూ ఇటూ ఉరికేది? దాని గుంటలో కండె ఉంటుంది, కండెకు చుట్టిన దారం పేక. దారం అయిపోతే కండె మార్చాలి. రోజుకు లెక్కలేనన్ని సార్లు. పక్కన గిన్నెలో నానేసిన కండెలుండేవి. చెయ్యి ఆ గిన్నెలోకి చాలా తొందరగా పోయేది, దానికి చూపు అవసరం లేదు. తీసుకుని తొందరగానే వచ్చేది. నాడె దగ్గరికి రాగానే చెయ్యి నెమ్మదించేది. ఆ ఒక్కచోట. చూపు కండె మీద ఉండేది కాదు, గుంట మీద ఉండేది. నేను పదేళ్లప్పుడు ఆయన కంటే జోరుగా చేయబోయి నాడె అంచుకు కొట్టి కండె కింద పారేసుకునేవాణ్ణి. ‘ఉరికే కాడ ఉరుకు, ఎక్కిచ్చే కాడ ఆగు’ అనేవాడు. తర్వాత రిక్రూట్లకు పిస్టల్ నేర్పుతుంటే నాకు ఆ మాటే గుర్తొచ్చేది. అందరూ తిరగేసి చేస్తారు: నడుము దగ్గర తడుముకుంటూ నెమ్మది, పిడి దగ్గరకొచ్చి బాదుడు.

ఇక చేతి సంగతి. మ్యాగజైన్ పట్టుకున్నప్పుడు చూపుడు వేలు దాని ముందు గోడ మీద నిలువుగా ఉండాలి, వేలి కొస పై తూటా ముక్కుకు తగలాలి. అడుగు భాగం అరచేతిలో. అప్పుడు నువ్వు మ్యాగజైన్‌ను పిడిలోకి పెట్టడం లేదు, వేలితో పిడి నోరు చూపిస్తున్నావు, మ్యాగజైన్ దాని వెనకే పోతుంది. చీకట్లో కూడా వేలు పెట్టి నీ ముక్కు ముట్టుకోగలవు కదా, అదే తెలివి. పిస్టల్‌ను పొట్ట దగ్గరికి దించొద్దు. మోచెయ్యి పక్కటెముకల దగ్గరికి లాగు, పిస్టల్ గదవ ఎత్తులో ఉండాలి, పిడి నోరు నీ ఎడమ నడుము వైపు చూడాలి, మజిల్ మాత్రం టార్గెట్ల వైపే. మ్యాగజైన్ వెనక గోడ చదునుగా ఉంటుంది, పిడి లోపల వెనక గోడా చదునే. ఆ చదునును ఈ చదునుకు ఆనించు. ఆనగానే మిగతాది దానంతటదే సర్దుకుంటుంది. నీ కన్ను చూడాల్సింది ఆ లోపలి వెనక అంచునే.

చేతిలో ఏమీ లేదంటున్నావు. వడ్లాయన దగ్గరికి పో. ఒక టేకు ముక్కను నీ మ్యాగజైన్ కొలతకు చేయించు. కొలతలు మీ క్లబ్ స్నేహితుడెవరైనా వర్నియర్ పెట్టి వాట్సాప్ చేస్తాడు. నిర్మల్ బొమ్మల పొనికి చెక్క చేయించొద్దు, అది దూదిలా ఉంటుంది, చేతికి అబద్ధం నేర్పుతుంది. 9 ఎం.ఎం. రౌండు ఒక్కోటి 12 గ్రాములు వేసుకో, 15కి 180. ఇనప మ్యాగజైన్ బరువు ఇంకో వంద చిల్లర. టేకు అంత తూగదు. నిలువునా బెజ్జం వేయించి, చేపల వలలకు కట్టే సీసపు గుండ్లు నింపి, లక్కతో మూయించు. పైన తూటా ముక్కు ఉండే చోట గుండ్రటి తల మేకు ఒకటి కొట్టించు, వేలికి తెలియాలి. రెండో ముక్క పిడి. పిడి మాత్రమే, లోపల మ్యాగజైన్ దూరే గుంటతో. దానికి గొట్టం, ట్రిగ్గర్ పెట్టించి నల్ల రంగు వేయించి పిస్టల్‌లా తయారుచేయకు. డాబా మీద దాన్ని పట్టుకుని నిలబడితే పక్కింటివాళ్లు ఫోన్ చేస్తారు, వచ్చేది మావాళ్లే, వాళ్లకు నీ హిట్ ఫ్యాక్టర్ తెలియదు.

పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది. అంతకు మించితే చెయ్యి అలసి తప్పు నేర్చుకుంటుంది. మంచం మీద పరుపు ముందు నిలబడు, పడ్డవి పరుపు మీద పడతాయి. మొదటి వారం గడియారం వద్దు.

నయీంనగర్ పోరడు:

సార్, నాకు మాట రావడం లేదు. రాత్రి కూర్చుని వీడియోలు ఒక్కో ఫ్రేమ్ తిప్పి చూశాను. సెకనుకు అరవై ఫ్రేములవి. బటన్ నొక్కాక నా ఎడమ చెయ్యి పిడి కింద అలాగే చాపుకుని ఉంది, ప్రసాదం కోసం నిలబడ్డట్టు. మ్యాగజైన్ పూర్తిగా బయటికి వచ్చాకే కదిలింది. ఒకచోట 22 ఫ్రేములు, ఒకచోట 26. అంటే దాదాపు 0.4 సెకను ఉత్తగా పోయింది. మూడేళ్లలో నాకు ఎవరూ చెప్పలేదు, నేనూ చూడలేదు. చేతి వేగం పెంచాలనే చూశాను తప్ప చెయ్యి ఎప్పుడు బయలుదేరుతుందో చూడలేదు.

టేకు ముక్కలు మట్టెవాడలో చేయించాను. వడ్లాయన ‘ఇదేందయ్యా, సబ్బు పెట్టెనా?’ అన్నాడు. సీసం నింపాక వంటింటి త్రాసు మీద 230 గ్రాములు వచ్చింది. ఇంకో 50 ఎక్కడ నింపాలో తెలియలేదు, వదిలేశాను. మ్యాగజైన్ పౌచ్‌లు ప్లేనోలోనే ఉన్నాయి. నాన్న బెల్టుకు పెట్టుకునే పాత మొబైల్ పౌచ్ దొరికింది, మూత కత్తిరించేశాను. నాన్న పోయి నాలుగేళ్లయింది, అమ్మ ఏమంటుందోనని భయపడ్డాను. ఏమీ అనలేదు. కంటికి ఆకుపచ్చ గుడ్డ కట్టుకుని మంచం మీద కూర్చుని ‘పొద్దందాక ఆ బెల్టు మీద ఏం తడుముకుంటున్నవురా, కనబడకపోయినా ఇనబడుతుంది’ అంటుంది.

ఒక సందేహం. చూపు పిడి మీదికి పోతే టార్గెట్ పోతుంది కదా. టార్గెట్ చూస్తూనే ఎక్కించడం నేర్చుకోవాలని మా క్లబ్‌లో ఒకాయన అంటాడు.

కొత్తవాడ కాక:

సార్ అనకు, కాకా అను. టార్గెట్ ఎక్కడికీ పోదు, అట్టది. ఒక్క రెప్పపాటు చూసుకో. మ్యాగజైన్ కొస లోపలికి పోయిన మరుక్షణం కన్ను పైకి లేవాలి, తోసే పని చెయ్యి చూసుకుంటుంది. కన్ను ముందు పోవాలి, పిస్టల్ దాని వెనక పోవాలి. చూడకుండా ఎక్కించేవాళ్లు ఉంటారు, మా బాపు కూడా కొన్నిసార్లు మాట్లాడుతూ కండె మార్చేవాడు. ఆయన నలభై ఏళ్లు నేశాడు.

ఇంకో మాట మరిచాను. పిడి నోటి దాకా తెచ్చి ఆపేయడం కూడా ఒక సాధనే. పౌచ్ నుంచి తీయి, వేగంగా రా, కొస పిడి అంచుకు తాకగానే ఆగిపో. లోపలికి తోయకు. సరిగ్గా మధ్యలో ఆగిందా, ఒక పక్కకా? పక్కకైతే మళ్లీ. ఇరవైసార్లలో పద్దెనిమిది మధ్యలో ఆగేదాకా తోయాల్సిన పనే లేదు.

ఆర్మూర్ టు ఎడిసన్:

కాకా, దీన్ని ఇక్కడ బర్కెట్ రీలోడ్ అంటారు! మ్యాట్ బర్కెట్ అనే షూటర్ పేరు మీద. నేను డబ్బులు కట్టి క్లాసులో నేర్చుకున్నాను.

కొత్తవాడ కాక:

నాకు తెలియదు బిడ్డా. మాకు ఆ రోజుల్లో డమ్మీ రౌండ్లు, అంటే పేలని ఉత్త తూటాలు, తక్కువుండేవి. మ్యాగజైన్‌ను పదే పదే తోస్తే పెదవులు అరుగుతాయని సగంలో ఆపించేవాణ్ణి. దానికి పేరుంటుందని అనుకోలేదు.

నయీంనగర్ పోరడు:

వెళ్లే ముందు ఒకసారి రాస్తున్నాను. ఐదో వారం. ఫోన్‌లో టైమర్ యాప్ పెట్టుకున్నాను, బీప్ నుంచి బీప్‌కు. టేకు ముక్కతో 1.3లో పది సార్లలో ఎనిమిది సార్లు ఎక్కుతోంది. పిస్టల్ కాదు కాబట్టి ఈ అంకెను నేనే నమ్మడం లేదు. కానీ చేయి బయలుదేరే టైమ్ మాత్రం మారింది, అది వీడియోలో కనబడుతోంది. అమ్మ రెండో కన్ను కూడా బాగుంది. పౌచ్ చూసి ‘దీన్ని కోసి పెట్టినవా’ అంది, అంతే.

నయీంనగర్ పోరడు:

ప్లేనో నుంచి. నిన్న రేంజ్‌కి వెళ్లాను. వరసగా రాస్తున్నాను: 1.7, 1.6, 1.9, 1.6, 1.5. ఏడాదిగా 2.1 దగ్గర కూర్చున్నవాణ్ణి, 1.5 చూసి టైమర్ పాడైందేమోనని పక్కాయన టైమర్ అడిగి మళ్లీ చూసుకున్నాను.

ఆరోది. ఎక్కించాను, చూపు లేపాను, కాల్చాను. ఛాంబర్‌లో (గొట్టం వెనక తూటా కూర్చునే గదిలో) ముందే ఉన్న ఒక్క రౌండు పేలింది, మ్యాగజైన్ జారి నా బూటు మీద పడింది. మళ్లీ ప్రయత్నిస్తే ఎనిమిదోదీ అలాగే. టేకు ముక్క గుంటలోకి నూనె రాసినట్టు దూరేది. అసలు మ్యాగజైన్‌లో 15 రౌండ్లు నిండుగా ఉండి, స్లయిడ్ మూసి ఉంటే పై తూటా స్లయిడ్ అడుగుకు తగిలి ఎదురు తంతుంది. లోపల స్ప్రింగ్ పూర్తిగా ముడుచుకుని ఉంటుంది కదా. చివరి పావు అంగుళం అరచేతి మడమతో గుద్ది కూర్చోబెట్టాలి. ఆరు వారాలు నా అరచేతికి ఆ గుద్దు అవసరమే రాలేదు, మరిచిపోయింది.

ఇరవై రెండు బోర్:

అన్నా, నేను మొదటి రోజే చెప్పాను. చెవిని నమ్మొద్దన్నాను, చివరిదాకా తోయమన్నాను. 22 బోర్ పిల్ల మాట కదా అని వదిలేశారు.

నయీంనగర్ పోరడు:

వదిలేశాను చెల్లీ, నిజమే. నీది వేరే ఆట అనుకున్నాను. ఈ వారమంతా డమ్మీ రౌండ్లు 15 నింపి, స్లయిడ్ మూసి, అదొక్కటే చేస్తున్నాను. అరచేయి కమిలింది.

కొత్తవాడ కాక:

తప్పు నాది కూడా. సీసం లెక్క చెప్పాను, స్ప్రింగ్ సంగతి మరిచాను. పిడి గుంట అడుగున సైకిల్ ట్యూబు రబ్బరు ముక్క అంటిస్తే ఎదురు తన్నేది. మళ్లీ వచ్చినప్పుడు అట్లా చేయించు. టేకు ముక్కలు జాగ్రత్తగా పెట్టినవా?

నయీంనగర్ పోరడు:

మ్యాగజైన్ ముక్కను అమ్మ వంటింటి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకుంది కాకా. సీసం ఉంది కదా, కదలదట. రేపు వీడియో కాల్‌లో అడుగుతాను, ఇస్తుందో లేదో.